మూడో పిలుపు

పటాన్‌చెరు దాటినంక హైవే మీదికెళ్లి లోపలికి తిరిగితే ఒక మూతబడ్డ దవాఖాన ఉంటది. దాని వెనక బిల్డింగ్‌ల చీకటి పడ్డంక దెయ్యం పేరు పెట్టి పిలుస్తదని అంటరు. నేను ఆటో నడిపేటోన్ని, బొందలగడ్డల సమాధుల ముందట ఆటో ఆపుకొని చాయ్ తాగినోన్ని. గానీ ఆ గేటు కాడికి కిరాయి రమ్మంటే... డబల్ ఇచ్చినా పోను. నవ్వితే నవ్వుకోండ్రి!

గీ ముచ్చట నాకు శివమ్మ చెప్పింది. ఆమెది గుమ్మడిదల దిక్కు ఊరు, ఆ దవాఖానల ఆయా. కరోనా రెండోసారి వచ్చినప్పుడు అందరు పని ఇడిసిపెట్టి పారిపోతుంటే ఈమె పోలే.

అప్పుడు నర్సులే ఒకరి వెనక ఒకరు పడిపోయిండ్రు. రుచిత అని ఒక సిస్టర్, ఊపిరాడక ఆ వెనక బిల్డింగ్‌లనే పోయింది. ఇగ అప్పట్నుంచి ఆమెనే పిలుస్తుందని పుకారు. వారం తిరగకముందే ఇంద్రజ అనే ఇంకో సిస్టర్‌ను గదే బిల్డింగ్‌ల, వరండా చివరి గదిల పండబెట్టిండ్రు. శివమ్మకు ఇంద్రజ అంటే పాణం. తనకు జరమొస్తే రాత్రంతా పక్కన కూసున్న పిల్ల మరి.

ఆ రాత్రి డాక్టర్ హరినాథ్ ఉరుక్కుంట వచ్చిండు.

“శివమ్మా, ఇంద్రజ సిలిండర్ అయిపోవస్తోంది. ఇది తీసుకుని తొందరగా వెళ్లు. ఈ పేషెంట్‌ని చూసి నేనూ వస్తా.”

శివమ్మ సిలిండర్ బండిని నూకుకుంట పోయింది. వరండా సగం దాటిందో లేదో — కరెంటు పోయింది.

చీకటి... కండ్లు పొడుచుకున్నా కనిపించని చీకటి. ఒంటి నిండ తొడుక్కున్న పీపీఈ కిట్టు లోపల ఆమె ఊపిరే ఆమెకు బుస్సుబుస్సున ఇనబడుతుంది.

అవతలి దిక్కు నుంచి...

“శివ...మ్మా...”

గొంతు కాదది, ఉట్టి గాలి. ఆమె కాళ్లు అక్కడ్నే ఆగిపోయినయ్. ఇంద్రజ ఎప్పుడు పిలిచినా “శివమ్మక్కా” అనేది. గిదేమో ఉట్టి పేరు. అయ్యో, రుచిత సిస్టరే!

రాత్రిపూట ఎవలన్న పేరు పెట్టి పిలుస్తే ఒక్కసారికే పలకొద్దని మా దిక్కు పిల్లలకు బువ్వ తినిపించుకుంట చెప్తరు. మనిషైతే మూడోసారి గూడ పిలుస్తడు. దెయ్యం రెండుసార్లే పిలుస్తదంట. శివమ్మ నోరు మూసుకున్నది.

“శివ...”

ఇంకింత సన్నగ. ఇంకింత దగ్గర్నుంచి.

బండిని గట్టిగ పట్టుకొని, “ఎల్లమ్మ తల్లీ, నువ్వే దిక్కు” అనుకుంట నిలబడ్డది. చెవులు రిక్కించి మూడో పిలుపు కోసం సూసింది. వస్తే మనిషే అని, ఆ దిక్కు ఉరుకుదామనే! “ఒట్టు బిడ్డా, ఉరుకుదామనే ఉన్న” అని నా ఆటోల కూసోని ఎన్నిసార్లు అన్నదో.

మూడో పిలుపు రాలే.

పీడ పోయిందనుకొని గుండె మీద చెయ్యేసుకున్నది. అయినా కాలు ముందటికి పడలే.

అంతల హరినాథ్ ఫోన్ లైటేసుకొని ఉరికొచ్చిండు. “ఇంకా ఇక్కడే ఉన్నావా!” అని బండి గుంజుకొని ముందటికి నడిచిండు. జెరంత దూరం పోయి... ఆగిండు.

నేల మీద ఇంద్రజ. సిలిండర్ అయిపోతే గోడ పట్టుకొని ఒక్కతే బయటికొచ్చింది. మాస్కు మెడకు ఏలాడుతుంది. డాక్టర్ నాడి సూసిండు, కొత్త సిలిండర్ పెట్టిండు, రొమ్ము మీద ఒత్తిండు, ఒత్తిండు... చాతగాక కూలబడ్డడు.

“ఇంత దగ్గరికొచ్చింది... నిన్ను పిలవలేదా శివమ్మా?”

“పిలిచింది సార్,” అన్నది శివమ్మ. “రెండుసార్లు పిలిచింది.”