ముల్లు తీసిన ఒడి

గండిగిరి దుర్గాన్ని శత్రుసేన చుట్టుముట్టి ఏడు మాసాలైంది. ఒకనాడు పట్టపుటేనుగులు ఊరేగిన రాజవీథిలో ఇప్పుడు గడ్డిపరకైనా మిగలలేదు. మోగి మోగి నగారా తోలు సడలింది. బురుజుల మీది భటులు నిలబడే కునుకు తీస్తున్నారు. అందరికన్నా అలసినవాడు సేనాని కాచమనాయకుడు. అరవై ఏళ్ల ఆ యోధుడికి గెలుపు మీద కన్నా నిద్ర మీదే ఆశ ఎక్కువైంది.

ఆ మధ్యాహ్నం మంత్రి నాగదేవుడు, కోటగోడలోని చిన్న తలుపైన ఉత్తరపు దిడ్డివాకిలిని కాచే విలుకాడు పోలయను కట్టించి సభకు ఈడ్పించాడు.

"మహారాజా! వీడు బాణానికి తాటాకు చుట్టి, శత్రువుల చేజిక్కిన పల్లెలోకి వేయబోతూ పట్టుబడ్డాడు. అక్కడ చిక్కుకున్న, పెళ్లాడి పన్నెండేళ్లయిన భార్యకు వలపు పదమట! నమ్మదగిన మాటేనా? వీడి తల తీయించి, ఆ వాకిలికి నా మనుషులను నియమించండి."

రాజు తాటాకును సేనాని చేతికిచ్చాడు. వలపు పదాలు పనిలేనివాళ్ల పని అనుకునే కాచమ విసుగ్గానే చదివాడు.

"ముల్లు ఎప్పుడో వచ్చేసింది రేచమ్మా,
నొప్పి ఉందని బొంకాను,
నీ ఒడిలో నా పాదం
ఇంకొంతసేపు ఉండాలని."

మళ్లీ చదివాడు. ఒకనాడు తన భార్య ముమ్మమ్మ కూడా ఇలాగే ముల్లు తీయబోతే, దండు కదిలే వేళైందని కాలు విదిలించుకుని పోయాడు. ఆమె పోయి ఇరవై ఏళ్లు. ఆ చేతి వెచ్చదనం గుర్తుతెచ్చుకోబోతే గుర్తు రాలేదు. నిండుసభలో ముసలి సేనాని వెక్కివెక్కి ఏడ్చాడు.

"ప్రభూ, ద్రోహికి ఇంత చక్కటి అబద్ధం చేతకాదు. వీడికి నేను పూచీ."

ఆ దుర్గంలో పూచీ అంటే మాటలు కాదు. పూచీపడ్డవాడు తన కత్తిని కోటగుమ్మానికి వేలాడదీయాలి. నిందితుడు నిర్దోషి అని తేలేదాకా దాన్ని ముట్టరాదు. ద్రోహి అని తేలితే ఆ కత్తితోనే పూచీదారు తల తెగుతుంది.

"వట్టి చేతులతో యుద్ధమా, నాయకా?" అన్నాడు రాజు బాధగా.

"మోసి మోసి అలసిపోయాను ప్రభూ. కాసేపు దించనివ్వండి."

పోలయ తన కాపుకు తిరిగి వెళ్లాడు. సేనానీ అతని వెంటే వెళ్లాడు. పొద్దు వాలుతుండగా మంత్రి మనుషులు, బయట పొంచి ఉన్న శత్రువులకు దిడ్డివాకిలి తెరవడానికి వచ్చిపడ్డారు. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఆ సాయంత్రం పోలయ పట్టాడు. అతను బాణాలు కురిపిస్తుంటే, వాళ్లు ఊడదీసిన గడియకు బదులు కాచమ తన వీపును తలుపుకు ఆనించి నిలిచాడు. సందులోంచి వచ్చిన శత్రుబాణం అతని డొక్కలో దిగింది. తలుపు మాత్రం తెరుచుకోలేదు. పట్టుబడ్డవాళ్లు నాగదేవుడి పేరు చెప్పేశారు.

పోలయ సేనాని తలను ఒడిలో పెట్టుకున్నాడు. "మహారాజే స్వయంగా మీ కత్తి తెస్తున్నారు దొరా!"

"తేనివ్వరా. ఒక్క మాట చెప్పు. ముల్లు వచ్చేసిందని నీ రేచమ్మకు తెలియదా?"

"తెలియకేం దొరా, తీసింది తనే కదా! తెలిసే, ఇంకా వెతుకుతున్నట్టు కూర్చునేది."

ఏడు మాసాల్లో మొదటిసారి కాచమ ముఖం తేటపడింది.

"నేను ముల్లుతోనే లేచి వెళ్లిపోయానురా. నా ముమ్మమ్మ ఇంకా అక్కడే కూర్చుని ఉంటుంది."

రాజు కత్తి తెచ్చేసరికి, అందుకోవలసిన చేయి చల్లబడింది.