జర తగ్గాలె

గ్రూప్ ఫొటో అంటే శ్రవణ్ కుమార్‌కు మొదటి నుంచీ పడదు. ముందు వరుసలో కూర్చుంటే పక్కవాళ్ళకు చోటుండదు. మధ్య వరుసలో నిలబడితే అతని వెనక ఉన్నవాళ్ళు ఫొటోలో ఉండరు. ఆరడుగుల మనిషి, ఆ ఎత్తుకు ఏమాత్రం తీసిపోని వెడల్పు.

ఆ రోజు వనపర్తి ఫంక్షన్ హాల్లో స్నేహితుడు గోపి పెళ్ళి. తప్పించుకుందామని భోజనాల వైపు అడుగేస్తుంటే గోపి పట్టుకొచ్చి స్టేజీ మీద నిలబెట్టాడు. శ్రవణ్ పొట్ట లోపలికి పీల్చి, ఊపిరి బిగబట్టి నవ్వు మొహం పెట్టాడు. అప్పుడు కెమెరా వెనక నుంచి ఒక ఆడగొంతు వినబడింది.

"గా పచ్చ అంగీ ఆయన జర తగ్గాలె."

హాలంతా గొల్లున నవ్వింది. పెళ్ళికొడుకు గోపి ఊరుకుంటే బాగుండేది. "జర గాదు మేడం, మస్తు తగ్గాలె" అని ఆజ్యం పోశాడు.

బిగబట్టిన ఊపిరి కాస్తా వదిలేసి శ్రవణ్ స్టేజీ దిగిపోయాడు. దిగుతూ ఒక్కసారి అటు చూశాడు. ఆ అమ్మాయి కెమెరా దించింది. పెద్ద కళ్ళు, అర్థం కాక ముడిపడ్డ కనుబొమలు, పెదవి చివర ఆపుకుంటున్న నవ్వు. అవమానం నేరుగా కడుపులోకి దిగింది. ఆ నవ్వు మాత్రం దానికి కొంచెం పైన, ఎడమ వైపున ఆగిపోయింది.

పేరు యమున అనీ, ఊరు మల్దకల్ అనీ, గద్వాలలో ఫొటో స్టూడియో నడుపుతుందనీ సాయంత్రంలోగా కనుక్కున్నాడు. పెళ్ళి భోజనం మాత్రం ముట్టలేదు. కొడుకు లడ్డూ వదిలేసి లేవడం పుట్టాక మొదటిసారి చూసిన తల్లి రాధమ్మ, ఇంటికి రాగానే ఉప్పూ మిరపకాయలూ తిప్పి దిష్టి తీసింది.

ఆత్మకూరు బస్టాండు పక్కన శ్రవణ్‌ది డ్రిప్ పైపుల దుకాణం. కొట్లోకి వచ్చిన ప్రతి రైతుకూ అతను చెప్పే పాఠం ఒకటుంది. "అన్నా, ఒక్కసారే మడి నిండ పారిస్తే నీళ్ళు పోతయి, చెట్టు పోతది. చుక్క చుక్క ఇయ్యి, వేరు తాగుతది." ఊరందరికీ చుక్కల పాఠం చెప్పిన ఈ పెద్దమనిషి తన ఒంటి దగ్గరికొచ్చేసరికి తూము బార్లా తెరిచాడు.

తెల్లారేసరికి అన్నం బంద్. జొన్నరొట్టె బంద్. చాయ్ బంద్. ఫోన్లో ఎవరో కండల వీరుడు చెప్పినట్టు పొద్దున నిమ్మకాయ వేడినీళ్ళు, మధ్యాహ్నం కీరా దోసకాయ, రాత్రికి కీరా దోసకాయ గురించి ఆలోచన. పొద్దు పొడవక ముందే స్కూలు గ్రౌండులో పరుగు. వీధి కుక్కలు మొదట తరిమాయి, తర్వాత జాలిపడి మానేశాయి.

కానీ మొదట్లో బరువు నిజంగానే జారింది. బెల్టుకు కొత్త బొక్క పడింది. శ్రవణ్‌కు నేల మీద కాలు ఆగలేదు. ఆమె తగ్గమంది, తను తగ్గుతున్నాడు! ఇక చూపించడమే మిగిలింది.

చూపించడానికి ఒకటే దారి, పాస్‌పోర్ట్ ఫొటో. గద్వాల బస్సెక్కాడు. జూరాల ప్రాజెక్టు కట్ట మీద చేపల వేపుడు వాసన కిటికీలోంచి వచ్చి పక్కనే కూర్చుంది. ముక్కు మూసుకుని, యమున మొహం తలుచుకుంటూ ఆ గండం దాటాడు.

స్టూడియో చీరల కొట్టు మీద, పై అంతస్తులో ఉంది. ఆ మెట్లు కట్టినవాడికి మనుషుల మీద ఏదో కోపం ఉండాలి, అంత నిటారుగా ఉన్నాయి. శ్రవణ్ రెండుచోట్ల ఆగి, పైకొచ్చి, పేరు చెప్పడానికి కూడా ఊపిరి లేక చెయ్యి ఊపాడు. యమున గుర్తుపట్టి, కుర్చీ వేసి, నీళ్ళిచ్చింది.

వారం తిరక్కుండా మళ్ళీ వెళ్ళాడు. ఆ పై వారం మళ్ళీ.

"ఇన్ని పాస్‌పోర్ట్ ఫొటోలు ఏంజేస్తున్నరు?" అని అడిగింది యమున.

"బ్యాంకుకు."

"మొన్నటియి?"

"గది వేరే బ్యాంకు."

"అయితే ఇయ్యాల లైట్ల దిక్కు చూడుండ్రి. బ్యాంకులన్నీ అయిపోతున్నయి."

ఆ రోజే స్టూడియోలో కూలర్ పైపు కారి నేలంతా తడిసింది. శ్రవణ్ జేబులోంచి డ్రిప్ జాయింటు ముక్క ఒకటి తీసి చిటికెలో బిగించేశాడు. బిగిస్తూ అలవాటు కొద్దీ చుక్కల పాఠం మొత్తం అప్పజెప్పాడు. జేబులో పైపు ముక్కలతో తిరిగే మనిషిని యమున ఎప్పుడూ చూడలేదు. కడుపారా నవ్వి చాయ్ తెప్పిస్తానంది. వద్దన్నాడు. మిర్చీ బజ్జీ అంది. వద్దన్నాడు. సమోసా దగ్గరికొచ్చేసరికి ఆమె నవ్వు కొంచెం తగ్గింది.

అయినా మరో రెండు బ్యాంకులు అయ్యాక, కెమెరా తుడుస్తూ, అతని వైపు చూడకుండా అంది. "మా ఊరి జాతరకు రాండ్రి. మా ఈదమ్మవ్వ భక్షాలు చేస్తది. మీ గురించి చెప్పిన."

తల్లిదండ్రులు లేని యమునను పెంచి పెద్దచేసింది ఆ అవ్వే. అవ్వ ఊ అంటే పెళ్ళి, ఊహూ అంటే లేదు. ఇది తెలిసిన శ్రవణ్ ఆ రాత్రి నిద్రపోలేదు. తెలివైనవాడైతే ఆకలితో వెళ్ళాలి, కడుపునిండా తినాలి. మనవాడు ఇంకా సన్నగా కనబడాలని కీరా దోసకాయ కూడా మానేశాడు. జాతర రోజుకు ఒంట్లో నీళ్ళూ ప్రేమా తప్ప ఇంకేం లేవు.

మల్దకల్ జాతర హోరుమంటోంది. బొమ్మల కొట్లు, రంగులరాట్నం, ఎటు చూసినా జనం. ఆ సందడి దాటి ఇల్లు చేరేసరికి శ్రవణ్‌కు చెవుల్లో ఈలలు మొదలయ్యాయి. ఈదమ్మ గుప్పెడంత మనిషి. అతన్ని కింది నుంచి పైదాకా చూడటానికి ఆమెకు కాస్త సమయం పట్టింది. నచ్చినట్టే ఉంది. పెనం మీది భక్షం అరిటాకులో వేసి, నెయ్యి పోసి ముందు పెట్టింది. బెల్లం పూర్ణం వాసనకు శ్రవణ్ ప్రాణం లేచి కూర్చుంది.

"వద్దవ్వ" అన్నాడు.

షుగరా అని అడిగింది అవ్వ. కాదన్నాడు. ఉపవాసమా అంది. కాదన్నాడు. సగమైనా తినమంది. తల అడ్డంగా ఊపాడు.

ఈదమ్మ చేతిలో నెయ్యి గిన్నె అలాగే ఆగిపోయింది. ఆమె మనవరాలి వైపు తిరిగి మెల్లగా అంది. "ఎంగిలి వడనోడు సుట్టమెట్ల అయితడు బిడ్డా? మన ఇల్లు నచ్చలే ఈ పిలగానికి."

యమున మొహంలో వెలుగు ఆరిపోయింది. స్టూడియోలో చాయ్ వద్దన్నది, బజ్జీ వద్దన్నది, అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి కాబోలు. "నాకు సమజైంది. పోయి రాండ్రి" అంది.

చేతికందింది జారిపోతోందని శ్రవణ్‌కు అర్థమైంది. అసలు సంగతి చెబుదామని గబుక్కున లేచాడు. లేచాడు కానీ కాళ్ళు లేవలేదు. కళ్ళ ముందు రంగులరాట్నం తిరిగింది. నేల మీద పడ్డా బాగుండేది, వెళ్ళి అవ్వ మంచం మీద పడ్డాడు. మంచం కోడు ఫట్‌మని విరిగింది.

కళ్ళు తెరిచేసరికి పెదవులకు ఉప్పు మజ్జిగ తగిలింది. యమున అతని తల ఎత్తిపట్టి ఉంది.

"తాగు. మొత్తం తాగు. ఎన్నిరోజులాయె అన్నం తినక?"

'మీరు' పోయి 'నువ్వు' వచ్చింది. అంత నీరసంలోనూ శ్రవణ్ ఆ మాట పట్టుకున్నాడు.

"నువ్వే గద తగ్గుమన్నవ్."

"నేనా? ఎప్పుడు?"

"గోపి పెళ్ళిల. అందరి ముందట. జర తగ్గాలె అన్నవ్."

యమున అతన్ని చూసింది. విరిగిన మంచం కోడును చూసింది. "అయ్యో దేవుడా" అని తల పట్టుకుంది. "నీ ఎనక గోపి వాళ్ళ ముసలవ్వ ఉండె. నీ బుజం అడ్డమొచ్చి గామె ముఖం కనవడ్తలే. వంగుమని జెప్పిన. తగ్గుమంటె వంగుడు గాదా? నువ్వేమో స్టేజీ దిగి పోతివి. ఎందుకు పోయినవో నాకు ఇయ్యాల్టిదాక తెల్వదు."

ముందు ఈదమ్మ నవ్వింది. చీర కొంగు నోట్లో కుక్కుకుని, గోడకు ఆనుకుని, కళ్ళ నీళ్ళు కారేదాకా నవ్వింది. శ్రవణ్ అరిటాకు దగ్గరికి లాక్కుని ఆ భక్షాన్ని తిన్నాడు. నెయ్యి మోచేతిదాకా కారింది. అంత రుచి అతను జన్మలో ఎరగడు.

సాగనంపడానికి వీధి చివరిదాకా వచ్చిన యమున అక్కడ ఆగింది.

"సన్నపోడు గావాలని నేనెన్నడు అనలే. గని నా మెట్లెక్కేటప్పుడు నువ్వు రొప్పుతుంటె నాకు భయమైతది. తగ్గొద్దంటలేను. రైతులకు జెప్పేదేంది, నువ్వు జేసేదేంది? చుక్క చుక్క తగ్గు. ఆ మెట్లు ఆగకుండ, మాట తెగకుండ ఎక్కిన నాడు, నీ మనసుల మాట జెప్పు. గప్పటిదాక నేను ఇనను."

ఇంతకంటే మంచి పందెం ఏ మగాడికైనా దొరుకుతుందా? శ్రవణ్ ఇంటికి ఎగురుతూ వెళ్ళాడు. మర్నాడు పొద్దున అతను చేసింది మాత్రం చాలా చిన్న పని. చాయ్‌లో చక్కెర సగం చేశాడు, అంతే. అది నాలుకకు అలవాటయ్యాక రాత్రి అన్నం బదులు రాధమ్మ చేతి జొన్నరొట్టె, ఆకుకూర. కొన్నాళ్ళకు పరుగు మాని, దుకాణానికి బండి మాని నడక. బస్సు కూడా గద్వాల బస్టాండుకు ముందే దిగి, స్టూడియోదాకా నడిచేవాడు. పాస్‌పోర్ట్ ఫొటో అవసరం తీరిపోయింది. ఇప్పుడు ఊరికే వచ్చి, మెట్లెక్కి, మధ్యలో ఆగి, సిగ్గుపడి, చాయ్ తాగి వెళ్ళేవాడు.

ఈ దారిలో బరువు తాబేలు లాగా దిగింది. కల్వకుర్తిలో మేనమామ ఇంటి పెళ్ళికి వెళ్ళొచ్చాక దిగింది కాస్తా మళ్ళీ ఎక్కింది. శ్రవణ్ పరేషానయ్యాడు. రేపటి నుంచి అన్నీ బంద్ అని ఫోన్ చేస్తే యమున చల్లగా అడిగింది. "ఒక్కదినం కరెంటు పోతే డ్రిప్ పైపులు పీకేస్తరా?" అతను నోరు మూసుకుని రాత్రి రొట్టె తిన్నాడు.

నల్లరేగళ్ళు తడిసే కాలం వచ్చింది. ఒక మధ్యాహ్నం గద్వాల మీద వాన దబదబా కురుస్తోంది. కరెంటు లేదు. స్టూడియో ఖాళీగా ఉంది. తడిసి ముద్దైన శ్రవణ్ కింది మెట్టు దగ్గర నిలబడి పైకి చూశాడు. తలుపు దగ్గర యమున నిలబడి ఉంది. అతని చూపులోనే ఆమెకు సంగతి తెలిసిపోయింది. తలుపు రెక్క గట్టిగా పట్టుకుంది.

శ్రవణ్ మొదటి మెట్టు మీద కాలు పెట్టి నోరు తెరిచాడు.

"యమునా, నువ్వు తగ్గుమన్ననాటి సంది నా ఒళ్ళు తగ్గింది గని నీ మీద పానం తగ్గలే, పొద్దున నడుస్తుంటె నువ్వే యాదికొస్తవ్, రొట్టె తుంచుతుంటె నువ్వే యాదికొస్తవ్," అంటూ ఎక్కుతున్నాడు. ఎప్పుడూ ఆగే చోటు వచ్చింది, దాటాడు. రెండో చోటూ దాటాడు. "మా అమ్మకు జెప్పిన, ఆమె సరేనన్నది, అవ్వకు కొత్త మంచం కోడు చెక్కిచ్చిన, ఇగ నువ్వు ఊ అంటె జాలు, నన్ను జేసుకుంటవా?"

చివరి మెట్టు మీద నిలబడ్డాడు. మాట తెగలేదు, రొప్పు లేదు. ఊపిరాడనిది యమునకే.

"ఇయ్యాల ఫొటో వద్దా?" అంది చివరికి.

"కావాలె. జంటది."

ఆమె ఊ అనలేదు. తన కొంగు తీసి అతని తడి మొహం తుడిచింది. ఇంకేం ఊ కావాలి?

మల్దకల్‌లోనే పెళ్ళి. శ్రవణ్ సన్నవాడేం కాలేదు. ఇప్పటికీ పెద్దమనిషే, కాకపోతే ముందు వరుసలో కూర్చుంటే పక్కన ఇంకొకరికి చోటుంది. దండలు మార్చుకునే వేళ యమున మునివేళ్ళ మీద లేచింది. చేతులు అందలేదు. మళ్ళీ లేచింది. అందలేదు. అప్పుడు అందరికీ వినబడేలా అంది.

"జర తగ్గాలె."

గోపి ఏదో అనడానికి నోరు తెరిచి, రాధమ్మ చూపు చూసి మూసుకున్నాడు.

"ఎంత?" అన్నాడు శ్రవణ్, ఆమెకు మాత్రమే వినబడేలా.

"నా చేతులు అందేంత."

అతను తల వంచాడు. దండ పడింది. కెమెరా మెరిసింది.

ఆ ఫొటో ఇప్పుడు స్టూడియోలో మెట్లెక్కగానే ఎదురుగా ఉంటుంది. పెళ్ళికొడుకు బాగా వంగి ఉన్నాడు కాబట్టి అతని మొహం సగమే కనబడుతుంది. అతని భుజం వెనక నుంచి ఈదమ్మ మొహం మాత్రం పూర్తిగా కనబడుతుంది, బోసినోటితో నవ్వుతూ.