బిడ్డను ఇస్తున్నదెవరు

ఆదివారం పొద్దున రెబెక్కా కిరాణా కొట్టు తలుపు సగమే తెరిచింది. మాదాపూర్‌లో హైటెక్ సిటీ బిల్డింగు కడుతున్న కూలీలకు ఆదివారమైనా పప్పూ బియ్యం కావాలి. చర్చికి వెళ్లేలోగా వచ్చే బేరాన్ని వదులుకునే మనిషి కాదు ఆమె.

లోపల కూతురు స్టెల్లా కాగితం పట్టుకుని కూర్చుంది. మిషన్ మెడికల్ కాలేజీ దరఖాస్తు. డాక్టరు ఎందుకు కావాలనుకుంటున్నావో సొంత మాటల్లో రాయమన్నారు. రాసింది ఈ రోజు చర్చిలో అందరి ముందూ చదవాలి. తర్వాత కన్నవాళ్లు లేచి, బిడ్డను ఇస్తున్నామని చెప్పాలి. అప్పుడే పాస్టరు గారు సంతకం పెడతారు. తండ్రి పోయి చాలా కాలమైంది. లేవాల్సింది రెబెక్కాయే.

“జర గట్టిగ చదువు” అంది రెబెక్కా, పప్పు తూస్తూ.

స్టెల్లా చదివింది. మేనత్త సెలీనా నర్సు ఉద్యోగం, ఆమె తెల్ల చీర, రోగి చెయ్యి పట్టుకుని మాట్లాడే తీరు. మొదటి నుంచి చివరిదాకా అత్తే.

రెబెక్కా చేతిలో పొట్లం నలిగింది. ఈ కొట్టులో మిగిలిందంతా ఈ పిల్ల మీదే పెట్టింది. పెట్టుబడి తనది, పేరు సెలీనాది. ఇది ఏ బజారులో చెల్లే బేరం?

“నేనేడ ఉన్ననే అండ్ల?”

“అమ్మా, వాళ్లు అడిగింది...”

“ఆమెనే నిలబడమను పో. నేను రాను.”

అప్పుడే సెలీనా గుమ్మంలోకి వచ్చింది, చేతిలో మడతపెట్టిన పట్టుచీరతో.

“వదినె, చర్చిల ఇది కట్టుకో.”

“నాకెందుకు? నువ్వే కట్టుకో. తల్లివి నువ్వే అయితివి గద.”

స్టెల్లా చేతిలో కాగితం చూసి, సంగతి అర్థమై సెలీనా మొహం వాడిపోయింది. “గట్లంటవేంది వదినె? స్టెల్లా, నా ముచ్చట కొట్టెయ్ బిడ్డా. అమ్మ రాకుంటే సంతకం కాదు.”

“కొట్టెయ్య” అంది స్టెల్లా. “అమ్మా, రోజూ ఏమంటవు నువ్వు? నా లెక్క తక్కెడ పట్టకు, అత్త లెక్క దవాఖానల పని చెయ్ అంటవు. నువ్వు చెప్పిందే రాసిన.”

రెబెక్కా తక్కెడ కింద పెట్టింది. పిల్ల పుస్తకం ముందు కునికినప్పుడల్లా సెలీనానే చూపించింది. పక్క కొట్టు సరుకును ఇన్నేళ్లూ తానే పొగిడి, ఇప్పుడు బేరం అటు పోయిందని ఏడిస్తే ఎట్లా?

“అక్షరం మార్చకు” అంది కళ్లు తుడుచుకుని. చీర అందుకుంది. “ఇస్త్రీ గూడ సక్కగ చేయలే” అని సణిగింది.

చర్చిలో స్టెల్లా చదువుతుంటే ఆడవాళ్లంతా సెలీనా వైపు తిరిగి చూశారు. రెబెక్కా గుండెలో ముల్లు మళ్లీ కదిలింది.

పాస్టరు గారు కళ్లద్దాలు సవరించుకున్నారు. “ఈ బిడ్డను దేవుని పనికి ఇస్తున్నదెవరు?”

సెలీనా కదల్లేదు. రెబెక్కా లేచింది.

“నేను ఇస్తున్న అయ్యగారు.”

ఆ మాట నోటివెంట వచ్చాకే ఆమెకు లెక్క తేలింది. తనది కానిదాన్ని ఎవరూ ఇవ్వలేరు. కూర్చోవడం మరిచిపోయి, కన్నీళ్లతో అలాగే నిలబడింది, సెలీనా మెల్లగా కొంగు పట్టి లాగేదాకా.