ఓడలు ఫ్రీ అన్నారు

దిల్‌సుఖ్‌నగర్ మెట్రో మెట్లు. చీకటి పడింది. వాన.

సుచిత్ర పరుగెడుతోంది!

ఎస్కలేటర్ ఆగిపోయి ఉంది. జనం కదలరు.

"జరగండి... ప్లీజ్!"

"ఏందక్కా, అందరం పోయేటోళ్లమే!"

బస్సు ఏడు నలభైకి. ఎల్‌బీ నగర్‌లో. ఇప్పుడు ఏడూ ఇరవై!

ఫోన్‌లో హాస్టల్ వార్డెన్ అండాలమ్మ.

"నన్నేం జెయ్యమంటవ్ మేడం? వైజాగ్ పోయి షిప్పు ఎక్కుతరంట. నౌకరీ. టికెట్ ఫ్రీ, తిండి ఫ్రీ."

"ఎవరెవరు వెళ్లారు?"

"రిజిస్టర్ల సంతోషి పేరుంది. కింద 'ఇంకా పది మంది' అని రాసిన. గుంపుగ పోతే పెద్దపిల్ల పేరే రాస్తం. ఎప్పటికీ గంతే!"

సంతోషి! పోయినేడు తను చెప్పే హిస్టరీ క్లాసులో ముందు బెంచీ.

మిగతా పది మంది నిన్ననే నల్గొండ ఊళ్ల నుంచి హాస్టల్‌కు వచ్చారు. సుచిత్ర వాళ్ల ముఖాలు కూడా చూడలేదు.

రైలు తలుపు మూసుకుంది. మూడు స్టేషన్లు...

ఫ్రీ ఓడ! ఆ మాట ఆమెకు కొత్త కాదు.

1212. ఫ్రాన్స్. గొర్రెలు కాసే కుర్రాడొకడు పిల్లల్ని పోగుచేశాడు. జెరూసలేం గెలుద్దాం, సముద్రమే చీలి దారి ఇస్తుంది అన్నాడు. వేలమంది నమ్మి నడిచారు.

సముద్రం చీలలేదు.

అప్పుడు ఇద్దరు వర్తకులు వచ్చారు. ఓడలు ఫ్రీ అన్నారు. ఏడు ఓడలు. రెండు మునిగాయి. మిగిలిన ఐదింటిలోని పిల్లల్ని బానిసలుగా అమ్మేశారు! పద్దెనిమిదేళ్ల దాకా ఇళ్లకు కబురే లేదు. పాత రాతల్లో అలాగే ఉంది.

ఏటా ఈ పాఠం చెబుతుంది. ఏటా ఒకటే ప్రశ్న.

"ఎగ్జామ్‌ల వస్తదా మేడం?"

ఛ!

పోలీసులకు ఫోన్ చేసింది. గస్తీ కానిస్టేబుల్ మహేందర్ లైన్‌లోకి వచ్చాడు.

"పేరు చెప్పున్రి మేడం."

"పదకొండు మంది అమ్మాయిలు..."

"పేరు లేకుంటే కంప్లెయింట్ ఎట్ల రాస్త? ఒక్క పేరన్న చెప్పున్రి. ఫొటో పంపున్రి."

సంతోషి పేరు, బస్సు వివరాలు చెప్పింది. ఫొటో పంపింది.

ఎల్‌బీ నగర్!

మెట్లు రెండేసి దిగుతోంది. చెప్పు తెగింది. విసిరేసింది. ఏడూ ముప్పై తొమ్మిది...

బస్సు కదిలింది!

సర్రున పోలీసు జీపు అడ్డం వచ్చింది. మహేందర్ బస్సెక్కాడు. ఒక అమ్మాయిని రెక్క పట్టుకుని దింపాడు.

సంతోషి!

సుచిత్ర ఆమెను గట్టిగా వాటేసుకుంది.

"దొరికింది కదా మేడం. ఖుషేనా?" అన్నాడు మహేందర్.

"మిగతా వాళ్లు? వాళ్లనీ దింపండి!"

"ఏ పేరుతోటి? అందరు మేజర్లే. ఆధార్ చూసిన. మా ఇష్టంతోటే పోతున్నం అంటున్నరు."

"వాళ్లను అమ్మేస్తారు!"

"సాక్ష్యముందా?"

ఉన్నది ఎనిమిది వందల ఏళ్ల నాటి సాక్ష్యం.

"ఏవండీ, జీపు తీస్తారా లేదా? టైమైపోతోంది!" డ్రైవర్ అరిచాడు.

జీపు పక్కకు జరిగింది.

సుచిత్ర అద్దాల మీద బాదింది. "దిగండి! అమ్మా, దిగండి!"

ఏసీ బస్సు. మూసిన అద్దాలు. లోపల ఒక పిల్ల నవ్వుతూ టాటా చెప్పింది.

బస్సు విజయవాడ రోడ్డెక్కింది. ఎర్ర లైట్లు వానలో కరిగిపోయాయి.

"ఈడ సంతకం పెట్టున్రి మేడం. పిల్లను అప్పజెప్పినట్టు."

పెట్టింది. ఇంకేం చేయగలదు? జీపు వెళ్లిపోయింది.

పోనీ, ఒక్కదాన్నైనా...

వెనక్కి తిరిగింది. సంతోషి అటు తిరిగి ఫోన్‌లో మాట్లాడుతోంది. మెల్లగా. ఏడుపు లేదు. భయం లేదు.

"ఆ అన్నా... పది మందీ ఎక్కిన్రు. పరేషాన్ గాకు. నేనెట్లనైనా ఈడ దిగేదాన్నే కదా... రేపటి బ్యాచ్‌ల పదమూడు మంది!"