పెరట్లో తోకపిట్ట

"ఫోటో ఉందాండి?"

వాట్సాప్ గ్రూపులో ఆ రెండు ముక్కలు చూసేసరికి క్రిస్టీకి ఒళ్ళు మండిపోయింది.

ఫోటో ఎక్కడినుంచి వస్తుంది? పొద్దున్నే పళ్ళు తోముకుంటూ పెరట్లో నిలబడ్డ మనిషి చేతిలో బ్రష్షుంటుంది గానీ కెమెరా ఉంటుందా? చలి విరిగి, వేపచెట్లు ఆకు రాలుస్తున్న రోజులు. తెల్లటి ఒళ్ళు, కుచ్చుతో నల్లగా మెరిసే తల, రెండు రిబ్బన్లలా వేలాడే మూరెడు తోక. ఆ పిట్ట జామచెట్టు మీంచి నీళ్ళతొట్టిలోకి దూకి, ఒక్క మునకేసి, మళ్ళీ కొమ్మెక్కింది. తోకపిట్టే. ఎవరి పెరట్లో ఏ పిట్ట కనపడిందో రాయమన్నది ఆ గ్రూపువాళ్ళే. రాసినందుకు ఇదీ మర్యాద.

"ఫోటో లేదండి. కళ్ళారా చూసా" అని పెట్టింది.

"జగ్గయ్యపేటలో, ఇళ్ళ మధ్య తోకపిట్ట రావడం కష్టమేనండి. పికిలిపిట్టని చూసుంటారు. దానికీ తలమీద కుచ్చుంటుంది. ప్రస్తుతానికి లెక్కలో వెయ్యట్లేదు."

ఆ జవాబు గ్రూపు నడిపే క్రాంతికుమార్‌ది. నందిగామలో జువాలజీ లెక్చరరట. దాని కింద నవ్వే బొమ్మలు. పెట్టినవాళ్ళలో క్రిస్టీ పనిచేసే బళ్ళో లెక్కల మేడం కూడా ఉంది.

పికిలిపిట్టట. పికిలిపిట్ట తెలియనివాళ్ళు ఈ చుట్టుపక్కల ఉంటారా? పొద్దున మూడో తరగతి పిల్లలకి తోకపిట్ట సంగతి సంబరంగా చెప్పింది. మధ్యాహ్నానికి వాళ్ళే, "అది ఉత్తిదంటగా టీచర్" అని అడిగారు. అబద్ధాలాడొద్దని రోజూ చెప్పే మనిషి అబద్ధాలకోరై కూర్చుంది.

శనివారం బడి వదలగానే నందిగామ బస్సెక్కింది.

కాలేజీ గేటు దగ్గర బైకు తీస్తున్న కుర్రాడే క్రాంతికుమార్ అని వాచ్‌మన్ చూపించాడు. నెరిసిన జుట్టూ, లావు కళ్ళజోడూ ఉంటాయనుకుంది. తీరా చూస్తే నవ్వు మొహం. దాంతో ఇంకా మండింది.

"మీరు..." అన్నాడతను.

"పికిలిపిట్టకీ తోకపిట్టకీ తేడా తెలీనిదాన్ని."

"ఓ. జగ్గయ్యపేట క్రిస్టీ గారా."

"ఫోటో లేకపోతే మనిషి మాట చెల్లదాండి మీ దగ్గర?"

"అట్లా కాదండి. అందరి మాటా నమ్మేస్తే రేపొకరు మా పెరట్లోకి నిప్పుకోడి వచ్చిందంటారు."

"అయితే మీరే వచ్చి చూడండి. పిట్ట కనపడితే అందరి ముందూ తప్పైందని పెట్టాలి."

"కనపడకపోతే?"

"కనపడుద్ది."

మర్నాడు ఆదివారం, తెల్లవారుతూనే కెమెరాతో వచ్చాడు. క్రిస్టీ నాన్న డేవిడ్‌రాజు సిమెంటు ఫ్యాక్టరీలో డ్యూటీకి వెళ్ళాడు. అమ్మ బేబి కుర్చీ వేసింది. తేనెపిట్టలు వచ్చాయి, గోరువంకలు పోట్లాడుకున్నాయి, తోకపిట్ట మాత్రం మొహం చూపించలేదు.

పై ఆదివారం మళ్ళీ వచ్చాడు. ఎక్కడో టుక్ టుక్ అని వినపడితే, "కంసాలిపిట్ట" అన్నాడు.

"మీరు చూడకపోయినా చెప్పొచ్చు. నేను చూసి చెప్పినా చెల్లదు" అని దెప్పింది. అతను నవ్వాడు. ఆ నవ్వు బళ్ళో పాఠం చెబుతుంటే కూడా గుర్తొచ్చింది. గుర్తొచ్చినందుకు తన మీద తనకే కోపమొచ్చింది.

మూడో ఆదివారం ఇద్దరూ చర్చి టైమయ్యేదాకా కూర్చున్నారు. పిట్ట లేదు.

"ఇంక నన్ను అబద్ధాలకోరనే అనుకుంటారు" అంది క్రిస్టీ టీ గ్లాసు అందిస్తూ.

పాదు దగ్గర చిక్కుడుకాయలు కోస్తున్న బేబి తలెత్తింది. "అదేందే, పోయిన ఆదివారం వచ్చిందిగా. నువ్వు టీ పెట్టటానికి లోపలికెళ్ళినప్పుడు. బాబు టకటకా ఫోటోలు కూడా తీసాడు. నీకు చెప్పుంటాడనుకున్నా."

క్రాంతికుమార్ చెవులు ఎర్రబడ్డాయి.

"నిజమేనా?"

"నిజమేనండి."

"వారం నుంచీ నా పరువు మీ కెమెరాలో దాచుకుని, మా ఇంట్లో కూర్చుని టీ తాగుతున్నారా?"

"చెప్పేస్తే ఇంక రావటానికి వంక ఉండదు కదండి." అతను తల దించుకున్నాడు. "ఆదివారం ఎప్పుడొస్తుందా అని చూస్తున్నా. పిట్ట కోసం కాదు. మీరంటే ఇష్టమండి. చెప్పే ధైర్యం లేక..."

"మీకు ధైర్యం లేకపోతే నేను మాట పడాలా?"

"తప్పేనండి."

"నాకు చెబితే ఏం లాభం? గ్రూపులో పెట్టండి."

అరుగు మీద కూర్చుని పెట్టాడు. ముందు ఫోటో. దాని కింద, "క్రిస్టీ గారు చూసింది తోకపిట్టే. పోయిన ఆదివారం నేనూ చూసా. స్వార్థం కొద్దీ దాచా. తప్పు నాది."

నిమిషం కాకుండానే లెక్కల మేడం అడిగింది. "ఏం స్వార్థం సార్?"

"చెప్పమంటారా?" అన్నాడు.

"ఏమీ అక్కర్లేదు" అంది క్రిస్టీ.

అతను కెమెరా భుజాన వేసుకుని, బేబికి చెప్పి బయటికి నడిచాడు. వెళ్తున్న మనిషిని చూస్తే క్రిస్టీకి ఇంకా కోపమొచ్చింది. అంత మాట అనేసి, జవాబైనా వినకుండా పోతాడా? గేటు దాకా వెళ్ళింది.

"వచ్చే ఆదివారం మా నాన్నకి డ్యూటీ లేదు. ఇందాక నాకు చెప్పింది ఆయనకీ చెప్పండి. ఏమీ దాచొద్దు."

క్రాంతికుమార్ బైకు తాళం చేతిలో పట్టుకుని అట్లాగే నిలబడిపోయాడు. "ఆయన నమ్మకపోతే?"

"నేను నమ్మాగా" అంది క్రిస్టీ, కోపంగానే.