తుపాకి తుడుస్తుండగా

ఓపల్ కోంబ్స్ పెనంలో పిండి దోరగా వేయించి పాలు పోస్తోంది. పొయ్యిలో బిస్కట్ రొట్టెలు పొంగుతున్నాయి. శనివారం పొద్దున కూతురు ఇంట్లోనే ఉంటుంది కాబట్టి ఆ రోజు గ్రేవీలో సాసేజ్ ముక్కలు కాస్త ఎక్కువ పడతాయి. కెండ్రా తల దువ్వుకోకుండానే వచ్చి బల్ల దగ్గర కూర్చుంది. భర్త వదిలేసి వెళ్ళాక పుట్టింటికి చేరిన పిల్ల. ఊళ్ళో వృద్ధాశ్రమం వంటింట్లో పని. రొట్టె విరిచింది గానీ నోట్లో పెట్టుకోలేదు.

"అమ్మా, ఇవాళ ఆర్విల్ బాబాయ్ షాపుకి వెళ్తున్నా. పిస్తోలు ఒకటి కొంటాను."

ఓపల్ చేతిలో గరిటె ఆగిపోయింది. "పిస్తోలెందుకే?"

"ఎందుకేమిటి? మొన్న వెనక తలుపు పిడి ఎవరో తిప్పారని చెప్పాగా! షెరీఫ్‌కి ఫోన్ చేస్తే ఆయన ఈ కొండెక్కి వచ్చేసరికి మన సమాధుల మీద గడ్డి మొలుస్తుంది."

"నాకేం వినబడలేదే."

"టీవీ పెట్టుకున్నావంటే నీకు పిడుగు పడినా వినబడదు."

మామూలుగా అయితే ఈ మాటకి తల్లీకూతుళ్ళిద్దరూ నవ్వుకునేవారు. ఇవాళ ఓపల్‌కి నవ్వు రాలేదు. కూతురి ముఖంలోకి చూసింది. దొంగకు భయపడే మనిషి ముఖం కాదది. దొంగకు భయపడేవాళ్ళు కిటికీకేసి చూస్తారు, చప్పుడైతే ఉలిక్కిపడతారు, గడియ వేశామా లేదా అని రెండుసార్లు లేస్తారు. కెండ్రా నిన్న తలుపు తీసిపెట్టి పడుకుంది. ఓపలే లేచి గడియ పెట్టింది.

"కోళ్ళని ఎందుకిచ్చేశావు?" అంది ఉన్నట్టుండి.

"అబ్బ, మళ్ళీ కోళ్ళా! చాకిరీ చెయ్యలేక ఇచ్చేశానమ్మా. గుడ్లు దుకాణంలో దొరకవా ఏమిటి?"

ప్రాణంలా పెంచుకున్న కోళ్ళు. ఒక్కోదానికి ఒక్కో పేరు. పోయిన వారం వాటిని బుట్టల్లో పెట్టి పక్క లోయలో వాళ్ళకి ఊరికే ఇచ్చేసి వచ్చింది. ఆ వేళ నుంచీ ఓపల్‌కి కంటిమీద కునుకు లేదు. ఎందుకంటే ఆమె భర్త డెల్బర్ట్ కూడా పోయే ముందు తన వేటకుక్కల్ని అలాగే ఊరికే ఇచ్చేశాడు.

డెల్బర్ట్ బొగ్గుగని మనిషి. గని మూతపడ్డాక ఇంట్లోనే ఉండేవాడు. వంటింటి బల్ల దగ్గర కూర్చుని తుపాకి తుడుస్తుండగా, లోపల తూటా ఉందని చూసుకోక పోయాడని ఊరంతా చెప్పుకుంటుంది. మా కొండల్లో ఇది పాత మాట. ఫలానా ఆయన తుపాకి తుడుస్తూ పోయాడనగానే మగవాళ్ళు టోపీ తీసి నేలచూపులు చూస్తారు, ఆడవాళ్ళు వండిన గిన్నెలు పట్టుకుని ఆ ఇంటికి వెళ్తారు, ఎవరూ రెండో ప్రశ్న వెయ్యరు. అన్ని తుపాకుల మధ్య పుట్టి పెరిగినవాళ్ళు ఇందరు తూటా చూసుకోవడం ఎలా మరిచిపోతారని ఎవరూ అడగరు. అడగకపోవడమే మర్యాద. అప్పటికి కెండ్రాకి పదిహేనేళ్ళు. ఆ పిల్లకీ అదే చెప్పారు.

నిజం తెలిసినవాళ్ళు ఇద్దరే. ఒకరు ఓపల్, రెండోవాడు ఆర్విల్.

"నేనూ వస్తా," అంది ఓపల్, పొయ్యి కట్టేసి.

"నువ్వా? తుపాకి పేరెత్తితేనే మండిపడే మనిషివి! చర్చిలో ఆడవాళ్ళందరి సంచుల్లోనూ బైబిలు పక్కనే పిస్తోలుంటుంది. నీ సంచిలో దగ్గుబిళ్ళలు. నువ్వొచ్చి ఏం చేస్తావు?"

"దగ్గొస్తే ఇస్తా. కోటు తెచ్చుకుంటా, ఉండు."

దారిపొడుగునా ఓపల్ మాట్లాడాలనే అనుకుంది. మాట పెదవిదాకా వచ్చి వెనక్కి పోయింది. ఏమని అడుగుతుంది? చచ్చిపోదామనుకుంటున్నావా అని కన్నకూతుర్ని ఎలా అడుగుతుంది? అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందేమో. అడగకపోతే? పికప్ బండి మలుపు తిరిగినప్పుడల్లా ఆమె సీటు అంచు గట్టిగా పట్టుకుంది. కెండ్రా మాత్రం నింపాదిగా నడుపుతోంది. ఆ నింపాదితనమే ఓపల్‌ని ఎక్కువ భయపెట్టింది. డెల్బర్ట్ కూడా ఆఖరి రోజుల్లో ఎంతో కుదుటపడ్డట్టు కనిపించాడు. గండం గడిచిందని అప్పుడామె దేవుడికి దండం కూడా పెట్టుకుంది.

ఆర్విల్ షాపులో ఒక పక్క గాలాలు, ఎరలు, ఇంకో పక్క తుపాకులు. గల్లా వెనక నుంచి ఆయన పొట్ట ముందొచ్చింది, ఆ తర్వాత ఆయనొచ్చాడు.

"ఓరి దేవుడా! ఓపల్ నా షాపుకొచ్చింది. ఇవాళ వాగులో చేపలు ఎగిరొచ్చి ఒళ్ళో పడతాయి!"

"చేపలొద్దు బాబాయ్. నాకో పిస్తోలు కావాలి. ఇదే మొదటిది. ఎక్కువ పెట్టలేను," అంది కెండ్రా.

"పెట్టక్కర్లేదమ్మా. మొదటిసారి కొనేవాళ్ళు కారు కొన్నట్టు మెరుపు చూసి కొంటారు. అక్కడే పప్పులో కాలేస్తారు." ఆయన అద్దాల పెట్టెలోంచి అరచేతిలో ఇమిడే చిన్న పిస్తోలు తీశాడు. దాన్ని తెరిచి, లోపల ఖాళీ అని తను చూసి, ఆమెకి చూపించి అప్పుడు చేతికిచ్చాడు. "ఇది కొత్తదీ, చవకదీ. చూడ్డానికి ముద్దుగా ఉంటుంది గానీ పేలితే చేతిని గాడిద తన్నినట్టుంటుంది. తేలికైనదంటే అంతే మరి. ఒక్కసారి కాల్చి, భయపడి, సొరుగులో పడేసేవాళ్ళే అందరూ."

తర్వాత ఒక పాత రివాల్వర్ తీశాడు. పిడి అరిగి, నలుపు అక్కడక్కడా తెల్లబడింది. "ఇది ఎవరో పోలీసాయన వాడింది. బరువు. ఆ బరువే అదురుని మింగేస్తుంది. పేలకుండా ఆపే మీటలూ గీటలూ లేవు, గాభరాలో మర్చిపోవడానికేమీ లేదు. నన్నడిగితే తుపాకి పాతది కొనుక్కో. మిగిలిన డబ్బుతో తాళం పెట్టె, సాధనకి తూటాలు తీసుకో. నాలుగు ఆదివారాలు మా ఇంటి వెనక మట్టిదిబ్బ దగ్గరికి రా, కాల్చడం నేర్పిస్తా."

"పెట్టె వద్దు బాబాయ్."

"ఇంట్లో ఇద్దరున్నప్పుడు పెట్టె ఉండాలమ్మా."

"వద్దన్నాగా. సాధన కూడా వద్దు. రెండిట్లో ఏది చవకైతే అదివ్వు."

ఆర్విల్ నవ్వు సగంలో ఆగింది. మా దగ్గర తుపాకి ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మారినప్పుడల్లా తీసుకున్నవాళ్ళు కూడా తెరిచి చూసుకోవాలి. నడక వచ్చిన పిల్లలకే నేర్పుతారు ఆ మర్యాద. తండ్రి అలా పోయాడని నమ్మిన పిల్ల అందరికంటే ఎక్కువగా చూసుకోవాలి. కెండ్రా రెండింట్లో దేన్నీ తెరిచి చూడలేదు. అదురు సంగతి అడగలేదు, చీకట్లో ఎలా పట్టుకోవాలని అడగలేదు, దొంగ ఊసే ఎత్తలేదు. ఓపల్ గల్లా మీద అడ్డంగా చెయ్యి పెట్టింది.

"ఆర్విల్, దీనికి పిస్తోలు అమ్మొద్దు," అంది.

"అమ్మా!"

"అమ్మొద్దు. నీకు దండం పెడతాను."

కెండ్రా ముఖం కందగడ్డలా అయింది. "నా సంపాదన, నా ఇష్టం! నేనేమన్నా చిన్నపిల్లనా? నాన్న ఒళ్ళు దగ్గర పెట్టుకోక పోయాడని నేను జన్మంతా భయపడుతూ బతకాలా? తూటా ఉందో లేదో చూసుకోలేనంత తెలివితక్కువదాన్ననుకున్నావా?"

"మీ నాన్నని ఒళ్ళు దగ్గర పెట్టుకోలేదనకు."

"మరేమనాలి?"

ఓపల్ ఆర్విల్ వైపు చూసింది. ఆయన తల అడ్డంగా ఊపాడు. "ఇప్పుడెందుకు ఓపల్... ఇక్కడ వద్దు."

"మరెక్కడ? రేపు నా కూతుర్ని పాతిపెట్టిన చోటా?" ఆమె కూతురి వైపు తిరిగింది. "మీ నాన్న ఆ రోజు తుపాకి తుడవలేదు కెండ్రా. తూటా ఉందని ఆయనకి తెలుసు. తెలిసే చేశాడు."

షాపులో ఎర చేపల తొట్టికి గాలి కొట్టే మోటారు గురగురలాడుతోంది. 

"అబద్ధం," అంది కెండ్రా. "బల్లమీద నూనె సీసా ఉంది. గుడ్డముక్కలున్నాయి. బడి నుంచి వచ్చి నేనే చూశాను."

"సొరుగులోంచి నేను తీసిచ్చాను," అంది ఓపల్.

"బల్లమీద సర్దింది నేను," అన్నాడు ఆర్విల్ నేలకేసి చూస్తూ. "తనంతట తాను పోయినవాడికి స్వర్గం లేదని పాదిరి పీఠమెక్కి అరిచే రోజులవి. బళ్ళో పిల్లలు నిన్ను కాకుల్లా పొడుచుకు తింటారని భయపడ్డాం. డెల్బర్ట్‌కి ఆఖరి సాయం చేస్తున్నాననుకున్నానమ్మా."

"నాన్న జోకులేసేవాడు," అంది కెండ్రా. ఆమె గొంతు పదిహేనేళ్ళ పిల్లదిలా ఉంది. "చర్చిలో కూడా నన్ను నవ్వించి నీ చేత తిట్లు తినేవాడు. ఆయనకేం తక్కువైందని?"

"ఏమీ తక్కువ కాలేదు తల్లీ. నువ్వు నిద్రలేవకముందే స్నానాలగదిలో కుళాయి విప్పుకుని ఏడ్చేవాడు. ఎందుకంటే తెలీదనేవాడు. గుండెల మీద బండ పెట్టినట్టుంది ఓపల్, పొద్దున లేస్తే తీసేస్తారేమో అనుకుంటాను, తియ్యరు, అనేవాడు. పనిలేక దిగులు, గని తెరిస్తే పోతుందని సర్దిచెప్పాను. మగాడివి, గట్టిగా ఉండాలన్నాను. ఆయన కుక్కల్ని ఇచ్చేసిన రోజున కూడా నేను నోరు విప్పి అడగలేదు. అడిగితే ఏం వినాల్సొస్తుందోనని భయపడ్డాను." ఓపల్ రెండు చేతులతో కూతురి ముఖం పట్టుకుంది. "ఇవాళ అడుగుతున్నాను. నా మొహం చూసి చెప్పు. తలుపు పిడి ఎవరు తిప్పారు?"

కెండ్రా కళ్ళు మూసుకుంది.

"ఎవరూ తిప్పలేదమ్మా."

"పిస్తోలెవరికి?"

 కెండ్రా ఎరల తొట్టి పక్కనే నేలమీద కూలబడింది. ఓపల్ కీళ్ళనొప్పుల సంగతి మరిచిపోయి పక్కనే చతికిలబడి ఆ తలని ఒళ్ళోకి లాక్కుంది. ఆర్విల్ రెండు పిస్తోళ్ళూ లోపల పెట్టి తాళం వేశాడు. వెళ్ళి వీధి తలుపు మూసి, షాపు మూసేశానన్న బోర్డు తిప్పాడు. తిరిగొచ్చి ఏం చెయ్యాలో తోచక టోపీ తీసి చేత్తో పట్టుకుని నిలబడ్డాడు.

"నాకొక్కదానికే ఇలా ఉందనుకున్నానమ్మా," అంది కెండ్రా వెక్కిళ్ళ మధ్య. "మన ఇంట్లో అందరూ గట్టివాళ్ళు. నువ్వు గట్టి, నాన్న నవ్వులమారి. నేనొక్కదాన్నే ఇలా చెడబుట్టాననుకున్నాను. నాన్న బతికుంటే నన్ను చూసి సిగ్గుపడేవాడని ఎన్నిసార్లు అనుకున్నానో!"

ఆ మాట ఓపల్ గుండెని కోసేసింది. కూతురికి దెబ్బ తగలకూడదని చెప్పిన అబద్ధం ఇన్నేళ్ళూ ఆ కూతుర్నే ఒంటరిదాన్ని చేసిందని ఆమెకి ఇప్పుడర్థమైంది. పిల్ల పక్కగదిలో ఇంత బరువు మోస్తుంటే తను గ్రేవీలో సాసేజ్ ఎక్కువ వేస్తూ కూర్చుంది.

"సిగ్గుపడేవాడు కాదే పిచ్చిదానా," అంది కన్నీళ్ళు తుడుచుకోకుండానే. "నిన్ను చూడగానే ఆయనకి అర్థమైపోయేది. లే. ఇప్పుడే ఆస్పత్రికి వెళ్దాం."

"ఇవాళ శనివారం. రేపు చర్చి..."

"చర్చి ఎక్కడికీ పోదు. లే."

బండి ఆర్విల్ నడిపాడు. ముగ్గురూ ముందు సీట్లోనే ఇరుక్కుని కూర్చున్నారు. ఓపల్ దారంతా కూతురి చెయ్యి వదల్లేదు. ఆమె భయం పోలేదు సరికదా, ఇంకా పెద్దదైంది. అయితే ఇన్నాళ్ళూ దేనికి భయపడుతోందో తనకి తనే చెప్పుకోకుండా తిరిగిన మనిషి, ఇప్పుడు దాన్ని ఎదురుగా చూస్తోంది.

ఆస్పత్రి వరండాలో జనం బాగానే ఉన్నారు. చర్చిలో పాటలు పాడే ఇద్దరు ఆడవాళ్ళు దగ్గుతూ కూర్చుని ఉన్నారు. వీళ్ళని చూడగానే మాటలాపి, చెవులు రిక్కించారు. నర్సు వయసులో చిన్నది. ఓపల్ చెవిలో సంగతి చెప్పాక ఆమె కెండ్రాని ఎదురుగా కూర్చోబెట్టి, నెమ్మదిగా రెండు మూడు ప్రశ్నలడిగింది. కెండ్రా ఒళ్ళో చేతులు పెట్టుకుని తలొంచుకుంది. ఒక్కదానికీ జవాబు చెప్పలేదు.

"పోనీ, ఇంట్లో ఇంతకుముందు ఎవరికైనా ఇలా ఉండేదా?" అనడిగింది నర్సు. "ఇలాంటివల్ల పోయినవాళ్ళెవరైనా?" ఆ ఇద్దరు ఆడవాళ్ళని చూసి గొంతు తగ్గించి, "లోపలికి వెళ్ళి మాట్లాడుకుందామా?" అంది.

"అక్కర్లేదు," అంది ఓపల్.  లేచి నిలబడింది. "నా భర్త డెల్బర్ట్ కోంబ్స్. తనంతట తనే పోయాడు. తుపాకి తుడుస్తూ కాదు."

 పాటలు పాడే ఆడవాళ్ళలో పెద్దావిడ ముఖం అటు తిప్పుకుని చేతిరుమాలు కళ్ళకద్దుకుంది. వాళ్ళింట్లోనూ అన్నగారొకాయన తుపాకి తుడుస్తూనే పోయాడు.

కెండ్రా తల్లి వైపు చూసింది. ఆ తర్వాత నర్సు వైపు తిరిగింది.

"నాకూ అలాగే ఉంది," అంది. "కానీ నాకు చావాలని లేదు. భయంగా ఉంది. నన్ను ఇంటికి ఒంటరిగా పంపించకండి."