తలుపు వెయ్యొద్దమ్మా

నాగమ్మక్కా, కొంచెం పెద్ద వాయిస్ పెడుతున్నా, పూర్తిగా విను.

మా తమ్ముడు ఎబినేజర్ తుఫానులప్పుడు పనికొస్తుందని ఒక యాప్ చేశాడు కదా. టవర్ అక్కర్లేదు, మధ్యలో ఏ కంపెనీ కంప్యూటరూ లేదు. మన వాయిస్ పక్కనున్న ఫోన్లోకి వెళ్తుంది. ఆ మనిషి ఎటు పోతే అటు పోయి, అక్కడ ఇంకో ఫోన్లోకి ఎక్కుతుంది. అలా చేరుతుందన్నమాట. కాకపోతే రెండు ఫోన్లూ బాగా దగ్గరగా ఉండాలి.

మొన్నటి తుఫానులో వాళ్ళత్త రాజమ్మగారు కర్లపాలెం నుంచి కూతురు, అదే మా మరదలు దీవెనకి, వాయిస్ పెట్టి బయల్దేరింది. వాయిసూ రాలేదు, ఆవిడా రాలేదు. కాలవలో దొరికింది, ఫోన్ చేతిలోనే ఉంది. సమాధి చేసేటప్పుడు దీవెన ఏడ్చి ఏడ్చి ఆ ఫోన్ శవపెట్టెలోనే పెట్టించింది. "అది లేకుండా అమ్మ ఉండలేదు వదినా" అని.

అప్పట్నుంచీ దీవెన వీధి తలుపు వెయ్యనివ్వదు. చంటిపిల్ల ఉన్న ఇల్లు. ఓ రోజు కుక్క ఉయ్యాల దాకా వచ్చేసిందట. "నువ్వొచ్చి చెప్పక్కా, నా మాట వినట్లేదు" అన్నాడు తమ్ముడు.

నిన్న తెనాలిలో రేపల్లె బండెక్కా. బోగీలో నేనొక్కదాన్నే. బండి కదిలిందో లేదో ఫోన్ టింగుమంది.

వాన హోరు... గాలి... రాజమ్మగారి గొంతు.

"దీవెనా, తలుపు వెయ్యొద్దమ్మా. వచ్చేస్తున్నా."

వెంటనే తమ్ముడికి ఫోన్ చేశా.

"పాతదే అక్కా, ఎవరి ఫోన్లోనో ఉండిపోయుంటుంది. పక్కన ఎవరున్నారు?"

"ఎవరూ లేర్రా..."

"తీసెయ్. దీవెన వింటే ఇక జన్మలో తలుపు వెయ్యదు."

తీసేశా. కాలవ బురద వాసన మాత్రం రేపల్లె దాకా పోలేదు.

ఇంటికెళ్ళేసరికి మసక పడింది. తలుపు బార్లా తీసుంది. గుమ్మంలోంచే కేకలేశా, "ఏంటే దీవెనా, పిల్లనేసుకుని ఇలాగేనా కూర్చునేది?" అని.

దీవెన నా భుజం మీదుగా చూస్తోంది...

తమ్ముడిదీ, దీవెనదీ, నాదీ, ముగ్గురి ఫోన్లూ ఒక్కసారే టింగుమన్నాయి.

ఈసారి వాన లేదు. "ఇక వేసుకోమ్మా. వచ్చేశా."

దీవెన నవ్వింది. లేచి, తలుపేసి, గడియ పెట్టింది.

తమ్ముడు మళ్ళీ పెట్టి విన్నాడు. మొహం తెల్లబోయింది. "అక్కా... వెనకాల విను" అన్నాడు గుసగుసగా.

ఆవిడ గొంతు వెనకాల నా గొంతే. "...పిల్లనేసుకుని ఇలాగేనా కూర్చునేది?"

అక్కా, ఇది ఆ ఇంట్లోంచే పెడుతున్నా. విన్నాక చెప్పు... నా వెనకాల ఇంకెవరైనా మాట్లాడుతున్నారా?